అన్‌కాన్షస్ అంటే ఏం పోయినట్టు?

పోయిన మే నెలలో ఒక మధ్యాహ్నం ఒంగోలు ఆర్టీసీ బస్టాండులో కనిగిరి బస్సు కోసం నిలబడి ఉన్నాను. పైన ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ అవి కిందికి తోసేది వడగాలినే. నాకు నాలుగడుగుల అవతల ఒక పెద్దాయన, భుజాన తువ్వాలు, చేతిలో గోతంతో కుట్టించిన సంచి, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే మోకాళ్ళ మీదికి కుంగి పక్కకి ఒరిగిపోయాడు. సంచిలోంచి స్టీలు క్యారియరు జారి, దొర్లుకుంటూ బెంచీ కిందికి పోయింది.

జనం మూగడానికి పది సెకన్లు కూడా పట్టలేదు. "కళ్ళు తిరిగి పడ్డాడబ్బా" అన్నాడు ఒకాయన. "ఫిట్సేమో, చేతిలో తాళాలు పెట్టండి" అంది పూలమ్మే ఆమె. "తెలివి తప్పింది, సోడా తెండి, సోడా" అని ఇంకెవరో అరుస్తున్నారు. "తాగి ఒళ్ళు తెలీకుండా పడుంటాడులే" అని వెనకాల నుంచి ఒక గొంతు. ఈలోపు ఇంజనీరింగ్ చదివే పిల్లాడిలా ఉన్న ఒక కుర్రాడు 108కి ఫోన్ కొట్టి, "సార్, ఒకాయన అన్‌కాన్షస్ అయిపోయినాడు" అన్నాడు. స్పీకర్లో అవతలి మనిషి నింపాదిగా అడుగుతున్నాడు: పిలిస్తే పలుకుతున్నాడా? ఊపిరి తీసుకుంటున్నాడా? పడి ఎంతసేపయింది? కుర్రాడు మా మొహాలు చూశాడు. మేమెవరమూ ఆయన్ని పిలిచి చూడలేదు.

పెద్దాయన సంగతి తర్వాత చెబుతాను. ముందు ఆ మాట సంగతి.

నేను ఇంగ్లీషు కాగితాలు తెలుగులోకి మార్చి బతికేవాణ్ణి. మందుల కరపత్రాలు, ఇన్సూరెన్స్ ఫారాలు, అప్పుడప్పుడు కోర్టు కాగితాలు. అన్‌కాన్షస్ అనే మాట నాకు వారానికి రెండుసార్లన్నా ఎదురవుతుంది. నిఘంటువు తీస్తే స్పృహలేని, అపస్మారక, అచేతన అని మూడు మాటలు వరసగా ఉంటాయి, ఏది పెట్టినా ఒకటే అన్నట్టు. ఒకటి కాదని బస్టాండులో ఉన్న వాళ్ళందరికీ తెలుసు. తాగి పడున్నాడన్నవాడు, కళ్ళు తిరిగాయన్నవాడు చెప్పింది రెండు వేర్వేరు సంగతులు. కుర్రాడి ఇంగ్లీషు మాటలో ఆ తేడాలన్నీ కలిసిపోయాయి.

ఆ మాట పుట్టుక చూస్తే ఎందుకు కలిసిపోతాయో అర్థమవుతుంది. కాన్షస్‌కి మూలం లాటిన్. ‘కాన్’ అంటే తోడుగా, ‘స్కీరె’ అంటే తెలియడం. సైన్స్ అనే మాట కూడా ఆ స్కీరె నుంచి వచ్చిందే. లాటిన్‌లో ఆ మాటకి ఇంకొకరితో పాటు ఒక సంగతి తెలిసినవాడు, గుట్టులో భాగం ఉన్నవాడు అని అర్థం. కాన్షెన్స్ కూడా అదే వేరు నుంచి వచ్చింది. దాన్ని మనం మనస్సాక్షి అంటాం. చిత్రంగా మన మాటలో కూడా ‘పక్కనుండి చూసినవాడు’ ఒకడున్నాడు. అంటే కాన్షస్ పుట్టుకతోనే తెలియడానికి సంబంధించిన మాట. కళ్ళు తెరిచి ఉండడం, మేలుకొని ఉండడం దాంట్లో మొదట లేవు.

అందుకే ఇంగ్లీషులో అన్‌కాన్షస్ ముందు ‘ఫలానాది తెలియని’ అనే అర్థంలో నడిచింది. ఈ రోజుకీ దాని వెనక ‘ఆఫ్’ చేరిస్తే అదే అర్థం. అన్‌కాన్షస్ ఆఫ్ ది డేంజర్ అంటే ప్రమాదం సంగతి ఎరగని మనిషి. నిక్షేపంలా నడుస్తున్నాడు, ఫోన్ మాట్లాడుతున్నాడు, వెనక నుంచి లారీ వస్తున్నట్టు తెలియదు, అంతే. దెబ్బ తగిలి పడిపోయిన మనిషి అనే అర్థం ఆ తర్వాత కుదురుకుంది. ఇక ముందు ‘ది’ తగిలించి నామవాచకం చేస్తే మనసు లోపలి చీకటి గది. ఆ గది దగ్గరికి చివర్లో వెళ్దాం.

మనవాళ్ళు ఈ మాటతో చేసే ఒక పొరపాటు ఇక్కడే చెప్పాలి. ‘హి వెంట్ టు అన్‌కాన్షస్’ అని రాస్తారు. తెలుగులో ‘కోమాలోకి పోయాడు’, ‘మగతలోకి జారుకున్నాడు’ అంటాం కదా, ఆ ఊపులో అన్‌కాన్షస్‌ని కూడా ఒక ఊరిలా చేసి మనిషిని అక్కడికి పంపిస్తాం. ఇంగ్లీషులో అది విశేషణం. ఫెల్ అన్‌కాన్షస్ అనాలి, లేదా లాస్ట్ కాన్షస్‌నెస్ అనాలి. ఇంకోటి. హెల్త్ కాన్షస్ అంటే ఆరోగ్యం మీద పట్టింపు ఉన్నవాడు, బ్రాండ్ కాన్షస్ అంటే చొక్కా లేబుల్ చూసి కొనేవాడు. అలాగని పట్టింపు లేనివాణ్ణి హెల్త్ అన్‌కాన్షస్ అనరు. సెల్ఫ్ కాన్షస్‌కి ‘ఆత్మచైతన్యం’ అని రాసిన అనువాదం ఒకటి చూశాను. పెళ్ళిచూపుల్లో కూర్చున్న పిల్లకి ఉండేది ఆత్మచైతన్యం కాదండీ, బిడియం.

తెలివి ఎక్కడ తప్పింది

ఇప్పుడు మన మాటల దగ్గరికి వద్దాం. అసలు సరుకంతా ఇక్కడే ఉంది.

నెల్లూరు, ఒంగోలు పల్లెల్లో పెద్దవాళ్ళు ‘స్పృహ’ అనడం తక్కువ. ‘తెలివి తప్పింది’, ‘తెలివి లేదు’, ‘ఇప్పుడే తెలివొచ్చింది’ అంటారు. పట్నంలో పుట్టిన పిల్లలకి ఇది నవ్వు తెప్పిస్తుంది. తెలివి లేకపోవడమంటే బుద్ధి లేకపోవడం కదా! నా చిన్నప్పుడు మా వీధిలో ఒకాయన కొబ్బరిచెట్టు మీద నుంచి పడితే, "రెండు గంటలు తెలివి లేదంట" అని మా అమ్మ చెప్పింది. "ఆ తర్వాత వచ్చిందా?" అని అడిగి తన్నులు తిన్నాను.

కానీ ఆ మాట ఎంత సరైందో చూడండి. తెలుపు, తెల్లవారడం, తెలియడం, తెలివి, అన్నీ ఒకే వేరు నుంచి పుట్టినవి. వెలుతురు వచ్చి వస్తువులు కనపడ్డం తెల్లవారడం. మనసుకి విషయం కనపడ్డం తెలియడం. ఆ కనపడే గుణమే తెలివి. అది బుద్ధి కూడా, స్పృహ కూడా. ఇంగ్లీషువాడు తెలియడానికి సంబంధించిన మాటని తీసుకుని పడిపోయిన మనిషికి వాడినట్టే, మనవాళ్ళూ వాడారు. ఎవరి దగ్గరా అప్పు తీసుకోకుండా రెండు భాషలూ ఒకే చోటికి చేరాయి. అందుకని అన్‌కాన్షస్‌కి ఎముకకి ఎముక సరిపోయే తెలుగు మాట ‘తెలివి తప్పిన’ అనే నేనంటాను. అచ్చులో వేస్తే మాత్రం సంపాదకుడు కొట్టేసి ‘అపస్మారక’ అని పెడతాడు.

స్పృహది ఇంకో కథ. సంస్కృతంలో స్పృహ అంటే కోరిక, ఆశ. ఏ కోరికా లేనివాడు నిఃస్పృహుడు. గీత రెండో అధ్యాయంలో ‘పుమాంశ్చరతి నిఃస్పృహః’ అన్నది మెచ్చుకోలు, అలాంటివాడికే శాంతి దొరుకుతుందని. తెలుగులోకి వచ్చేసరికి స్పృహ మెలకువ అయింది, ఎరుక అయింది. నిస్పృహ ఏమో నిరాశకి తోడబుట్టినదై, ‘నిరాశా నిస్పృహలు’ అని జంటగా తిరుగుతోంది. ఇంగ్లీషులో ముందు ‘అన్’ చేరిస్తే కాన్షస్ కాస్తా అన్‌కాన్షస్ అవుతుంది. తెలుగులో స్పృహకి ముందు ‘ని’ చేరిస్తే మనిషి పడిపోడు, డీలా పడతాడు. అనువాదం మిషన్లకి ఇది ఎప్పటికి అర్థమవుతుందో.

ఇంతకన్నా పెద్ద తిరకాసు మూర్ఛ, అపస్మారం దగ్గర ఉంది. సంస్కృతంలో మూర్ఛ అంటే సొమ్మసిల్లడం. లక్ష్మణ మూర్ఛ అంటే లక్ష్మణుడికి ఫిట్స్ రాలేదు, దెబ్బకి స్పృహ తప్పింది. ఆయుర్వేదంలో ఫిట్స్ జబ్బు పేరు అపస్మారం. ‘స్మార’ అంటే జ్ఞాపకం, అది తొలగిపోవడం అపస్మారం. నటరాజు పాదం కింద నలిగే మరుగుజ్జు పేరు కూడా అపస్మారుడే. తెలుగు వాడుకలో ఈ రెండూ ఒకదాని కుర్చీలో ఒకటి కూర్చున్నాయి. ఇప్పుడు మూర్ఛవ్యాధి అంటే ఫిట్స్, అపస్మారక స్థితి అంటే స్పృహ లేకపోవడం. పాత అర్థం పూర్తిగా పోయిందా అంటే అదీ లేదు. ‘మూర్ఛపోయింది’ అంటే సొమ్మసిల్లింది, ‘మూర్ఛ వచ్చింది’ అంటే ఫిట్స్ వచ్చింది. పోవడానికీ రావడానికీ మధ్య రోగమే మారిపోతుంది. ఒక మందు కరపత్రంలో ‘ఈ మందు వాడితే మూర్ఛ రావచ్చు’ అని పొరపాటున రాసి, ఆ తర్వాత దిద్దుకున్నవాణ్ణి నేను. మూలంలో ఉన్నది కళ్ళు తిరిగి పడిపోవడమే. అది చదివి ఎవరైనా మందు మానేసి ఉంటే ఆ పాపం నాదే.

ఇవి కాక ‘ఒళ్ళు తెలియకపోవడం’ ఉంది. ఒళ్ళు తెలియని జ్వరం, ఒళ్ళు తెలియని నిద్ర, ఒళ్ళు తెలియని కోపం. చివరిదాంట్లో మనిషి ఎగిరెగిరి పడుతుంటాడు, పడిపోయింది లేదు. ఇక్కడ తప్పింది మెలకువ కాదు, తన మీద తనకుండాల్సిన కాపలా. తెలంగాణలో ‘సోయి’ ఈ పనులన్నీ ఒక్కటే చేస్తుంది, మీద మందలింపు కూడా పలుకుతుంది. సోయి లేదా నీకు అంటే పడిపోయావా అని అడగడం కాదు కదా.

మేలుకోవడం వేరు, తెలియడం వేరు

ఆసుపత్రిలో ఈ గందరగోళం కుదరదు. రాత్రి డ్యూటీ నర్సు రాసింది పొద్దుటి డాక్టరు చదివి, మనిషి మెరుగయ్యాడో దిగజారాడో చెప్పాలి. ‘మగతగా ఉన్నాడు’ అని ఒకరు, ‘పలకడం లేదు’ అని ఇంకొకరు రాస్తే పోల్చి చూసుకునే దారి లేదు. 1974లో గ్లాస్గోలో గ్రాహమ్ టీస్‌డేల్, బ్రయాన్ జెనెట్ అనే ఇద్దరు వైద్యులు దీనికి మార్కుల లెక్క ఒకటి పెట్టారు. ఇప్పుడు వాడుకలో ఉన్న రూపంలో కళ్ళు తెరవడానికి 4, మాటకి 5, కదలికకి 6, మొత్తం 15. తనంతట తాను కళ్ళు తెరిస్తే 4, పిలిస్తే తెరిస్తే 3, నొప్పి పెడితే తెరిస్తే 2, ఏం చేసినా తెరవకపోతే 1. సున్నా లేదు. కాబట్టి ప్రాణం లేని శరీరానికి కూడా ఈ లెక్కలో 3 మార్కులు పడతాయి. 8, అంతకన్నా తక్కువ పడితే పరిస్థితి తీవ్రమని, ఊపిరి దారి సంగతి వెంటనే చూడాలని అర్థం. ఐసీయూ బయట కూర్చున్న వాళ్ళకి డాక్టరు ‘జీసీఎస్ ఏడుంది’ అని చెప్పిపోతాడే, అది ఇదే, గ్లాస్గో కోమా స్కేల్.

ఈ లెక్కలో అన్‌కాన్షస్ అనే మాటే లేదు చూడండి. కళ్ళు ఏం చేస్తున్నాయి, నోరు ఏం చేస్తోంది, చెయ్యి ఏం చేస్తోంది, అంతే అడుగుతుంది. 108 మనిషి అడిగింది కూడా ఆ కోవలోదే.

మెదడులో సంగతి ఇది. మెలకువని నిలబెట్టే వ్యవస్థ మెదడు కాండంలో, మెడకి కొంచెం పైన ఉంటుంది. 1949లో మొరూజీ, మాగన్ అనే శాస్త్రవేత్తలు అక్కడ చిన్న విద్యుత్తు తగిలిస్తే మగతలో ఉన్న జంతువు మెదడు మేలుకోవడం చూపించారు. అది మెయిన్ స్విచ్చు అనుకోండి. చూసిందీ విన్నదీ అర్థం చేసుకునే పని పైనున్న రెండు అర్ధగోళాలది. స్పృహ పూర్తిగా పోవాలంటే కింద ఆ స్విచ్చన్నా దెబ్బతినాలి, పైన రెండు పక్కలా అన్నా దెబ్బతినాలి. ఎండదెబ్బ, షుగర్ పడిపోవడం, విషం, ఇవి మెదడు మొత్తాన్నీ పట్టుకుంటాయి గనుక స్పృహ పోతుంది. మామూలుగా కళ్ళు తిరిగి పడిపోవడమంటే మెదడుకి రక్తం కొన్ని సెకన్లు తగ్గడమే. పడుకోబెడితే మళ్ళీ అందుతుంది. మనవాళ్ళు జాలితో లేపి కుర్చీలో కూర్చోబెడతారు, రక్తం మళ్ళీ కిందికి దిగుతుంది.

ఒక పక్కే దెబ్బతిన్నప్పుడు మాత్రం సాధారణంగా స్పృహ పోదు. పోయేది కాలో, చెయ్యో, మాటో. ఇది తెలియక మా ఇంట్లో జరిగింది చెబుతాను.

మా మేనత్తది కావలి. నాలుగేళ్ళ కిందట ఒక తెల్లవారుజామున ఆమెకి పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పడిపోయింది. ఆసుపత్రి మంచం మీద కళ్ళు మూసుకుని పడుకుని ఉంది. పిలిస్తే పలకదు. మనిషికి తెలివి లేదని చుట్టాలందరం మాకు మేమే తేల్చేసుకున్నాం. ఇక మంచం చుట్టూ మాటలు మొదలయ్యాయి. చెరువు కింద ఎకరా ఎవరి పేరున ఉంది, ఆ రెండు పేటల గొలుసు ఎక్కడ పెట్టింది, ఇలా. ఒకటి రెండు మాటలు నేనూ అన్నాను. రెండో రోజు సాయంత్రం నర్సు వచ్చి, వంగి, చెవి దగ్గర "అమ్మా, ఎడం చెయ్యి పైకెత్తండి" అంది. అత్త ఎత్తింది. "రెండు వేళ్ళు చూపించండి" అంది. చూపించింది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఆమెకి నోటి దగ్గర మార్కులు పోయాయి గానీ తెలివి ఎక్కడికీ పోలేదు. మూడు నెలలకి ముద్దముద్దగా మాట వచ్చింది. నేను చూడబోయిన రోజున పళ్ళు పక్కన పెట్టి కూర్చోగానే, "గొలుసు బీరువాలోనే ఉంది... అబ్బయ్యా" అంది.

ఇలాంటిదే ఇంకా భయంకరంగా కట్లపాము కాటులో జరుగుతుంది. ఎండాకాలం ఆరుబయట, నేల మీద పడుకునే ఊళ్ళలో ఈ కాటు రాత్రిపూట పడుతుంది. నొప్పి, వాపు పెద్దగా ఉండవు. పాము విషం నరాలకీ కండరాలకీ మధ్య సంబంధం తెంపేస్తుంది. రెప్పలు వాలిపోతాయి, నాలుక మడతపడుతుంది, చెయ్యి ఎత్తలేడు, ఆఖరికి ఊపిరి కండరాలు ఆగిపోతాయి. చూసేవాళ్ళకి స్పృహ లేని మనిషి. లోపల ఉన్నవాడికి మాత్రం అన్నీ వినపడుతూనే ఉండొచ్చు. పోయాడనుకుని చుట్టూ ఏడుస్తుంటే ఆ ఏడుపు కూడా. వెంటిలేటర్ మీద ఊపిరి ఆడించి, విషం విరుగుడు ఇస్తే చాలామంది లేచి కూర్చుంటారు. కాబట్టి పలకకపోవడాన్ని తెలియకపోవడంగా లెక్కేయకూడదు.

2006లో ఏడ్రియన్ ఓవెన్ అనే శాస్త్రవేత్త బృందం కేంబ్రిడ్జ్‌లో దీన్ని యంత్రంతో చూపించింది. రోడ్డు ప్రమాదం తర్వాత కళ్ళు తెరుస్తూ, మూస్తూ, ఏ మాటకీ స్పందించకుండా ఉన్న ఒక యువతికి బయటి ప్రపంచం ఏమీ తెలియదని వైద్యులు అప్పటికే తేల్చారు. ఆమెని స్కానర్లో ఉంచి, టెన్నిస్ ఆడుతున్నట్టు ఊహించుకోమన్నారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు అలా ఊహించుకుంటే మెదడులో ఎక్కడ వెలుగుతుందో ఆమెకీ అక్కడే వెలిగింది. మీ ఇంట్లో గదులన్నీ తిరుగుతున్నట్టు అనుకోమంటే ఇంకో చోట వెలిగింది. మా అత్త రెండు వేళ్ళు చూపించినట్టే, ఆ అమ్మాయి మెదడు చూపించింది.

దీనికి తలకిందులైన సంగతి మత్తు. ‘ఆపరేషన్‌కి మత్తిచ్చారు’ అంటే తెలుగులో రెండు రకాలూ కలిసిపోతాయి. నడుముకి సూది వేసి కిందిభాగం మొద్దుబారిస్తే తల్లి పూర్తి స్పృహతో ఉండి బిడ్డ మొదటి ఏడుపు వింటుంది. పూర్తి మత్తు అయితే ఏదీ తెలియదు. ఫారంలో ‘అన్‌కాన్షస్‌గా ఉంచుతాము’ అన్నది రెండోదానికే. మొదటిదానికి సంతకం పెట్టాల్సిన మనిషి ఆ మాట చదివి ఊరికే భయపడిపోతుంది.

కోర్టులో ఇదే మాట

మరణ వాంగ్మూలం తీసుకునేటప్పుడు మెజిస్ట్రేటు వస్తాడు, డాక్టరు పక్కనుండి ‘పేషెంట్ కాన్షస్’ అని రాస్తాడు. అలా రాస్తే సరిపోతుందా? 1999లో మన రాష్ట్రం నుంచి వెళ్ళిన ఒక కేసులో సుప్రీంకోర్టు చాలదంది. స్పృహలో ఉండడం వేరు, సరైన మానసిక స్థితిలో ఉండడం వేరు, వైద్యంలో ఆ రెండూ ఒకటి కాదు అని. స్పృహలో ఉండి కూడా ఏం చెబుతున్నాడో తెలియని మనిషి ఉంటాడన్నమాట. జ్వరంలో పలవరించే వాళ్ళని చూసినవాళ్ళకి దీనికి కోర్టు అక్కర్లేదు. 2002లో అయిదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం ఇంకో కేసులో ఈ పట్టు సడలించింది. మనిషి చెప్పగలిగే స్థితిలో ఉన్నాడని మెజిస్ట్రేటుకి నమ్మకం కుదిరితే, డాక్టరు సర్టిఫికెట్ లేనంత మాత్రాన వాంగ్మూలం కొట్టేయక్కర్లేదని. 2024 జూలై నుంచి సాక్ష్య చట్టం పేరు, సెక్షన్ల నంబర్లు మారాయి గానీ మరణ వాంగ్మూలం విలువ అలాగే ఉంది.

గంజాయి కేసుల్లో ‘కాన్షస్ పొజెషన్’ అని ఇంకోటి వినపడుతుంది. దాన్ని ఒక కాగితంలో ‘స్పృహతో కూడిన స్వాధీనం’ అని అనువదించి ఉండడం చూశాను. తీసుకుని సొమ్మసిల్లినవాడు గుర్తొచ్చాడు నాకు. ‘తెలిసి దగ్గర పెట్టుకోవడం’ అంటే అయిపోయేదానికి.

దూబగుంటలో వచ్చిన చైతన్యం

కాన్షస్‌నెస్‌కి ఇంకో తెలుగు మాట చైతన్యం. దాని అర్థం మా నెల్లూరు జిల్లాలో ఒక ఊరు మార్చేసిందంటాను నేను.

1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. రాత్రిళ్ళు లాంతరు చుట్టూ ఆడవాళ్ళు పలకలు పట్టుకుని కూర్చునేవాళ్ళు. ఆ చదువులో సారా వల్ల కూలిన సంసారం గురించి ఒక పాఠం వచ్చింది. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు అది చదివి, పుస్తకంలో ఉన్నది మా ఇంటి కథే కదా అనుకుని, లేచి వెళ్ళి ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. దూబగుంట రోశమ్మ పేరు అలా రాష్ట్రమంతా తెలిసింది. 1992లో ఉద్యమం జిల్లా దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది.

అప్పటి పత్రికలు ‘మహిళల్లో చైతన్యం’ అని రాశాయి. ఈ చైతన్యం మెలకువా కాదు, స్పృహా కాదు. ఆ ఆడవాళ్ళు అంతకుముందు రోజూ మెలకువగానే ఉన్నారు, మొగుళ్ళు తన్నేటప్పుడు మరీను. బాధ తెలుసు. అది నా ఒక్కదాని రాత కాదు, అందరిదీ, దానికి ఒక కారణముంది అని తెలియడం కొత్త. ఇంగ్లీషువాడు దీన్నీ కాన్షస్‌నెస్ అనే అంటాడు. అదే ఊళ్ళో అదే రాత్రి అరుగు మీద సారా తాగి పడున్న మొగుణ్ణి కూడా అన్‌కాన్షస్ అనే అంటాడు. మనకి మాత్రం ఆయనకి ఒళ్ళు తెలియలేదు, ఆమెకి చైతన్యం వచ్చింది. లాటిన్‌లోని ఆ ‘తోడుగా తెలియడం’ ఎక్కడైనా ముక్కకి ముక్క సరిపోయిందంటే ఆ లాంతరు చుట్టూనే.

మనసు లోపలి గది

ఇక మనసు మర్మాలు వెతికిన డాక్టరు ఫ్రాయిడ్. ఈయన దగ్గర అన్‌కాన్షస్ అంటే పడిపోయిన మనిషి కాదు, నిక్షేపంగా తిరిగే మనిషి లోపల వాడికే తెలియకుండా పనిచేసే భాగం. మరిచిపోయాననుకున్నవి, ఒప్పుకోలేక అణిచేసినవి అక్కడుండి కలల్లోనూ, నోరు జారడంలోనూ బయటికి వస్తాయంటాడు. 1915లో దాని పేరుతోనే ఒక వ్యాసం రాశాడు. మామూలు జనం వాడే సబ్‌కాన్షస్ అనే మాట ఆయనకి నచ్చలేదు, అర్థం స్పష్టంగా ఉండదని పక్కన పెట్టాడు. అయినా మన యూట్యూబ్ గురువులందరికీ అదే కావాలి. ఆయన సిద్ధాంతాల్లో చాలా వాటిని ఇప్పటి మనస్తత్వ శాస్త్రం ఒప్పుకోదు. మనకి తెలియకుండా మెదడు చాలా పని చేస్తుందనే మాట మాత్రం నిలబడింది.

తెలుగులో దీన్ని అచేతన మనస్సు అంటున్నారు. నాకు ఇష్టం లేని మాట. అచేతనం అంటే మనకి రాయి, రప్ప, కొయ్య. ఇంగ్లీషులో రాయిని అన్‌కాన్షస్ అనరు, అనాలంటే నాన్‌కాన్షస్ అంటారు. స్పృహ ఉండగలిగినవాడికే స్పృహ పోతుంది కదా. ఫ్రాయిడ్ చెప్పినదేమో క్షణం ఊరుకోని మనసు. దానికి రాయి పేరు పెడితే ఎలా? అంతకన్నా జనం రోజూ అనే ‘నాకు తెలియకుండానే’ నయం. నాకు తెలియకుండానే చెయ్యి లేచింది, నాకు తెలియకుండానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అన్‌కాన్షస్ బయాస్ అనే ఆఫీసు మాటకి కూడా అదే పనికొస్తుంది. బస్టాండులో పడిపోయిన మనిషి పంచె మాసి ఉందని చూసి ‘తాగుంటాడులే’ అన్న గొంతు ఉందే, ఆ మనిషి దాన్ని ఆలోచించి అనలేదు. ఆ మాట ఆయన నోటికి తనంతట తానే వచ్చేసింది.

ఆ పెద్దాయన దగ్గరికే వద్దాం. కుర్రాడు వంగి "తాతా, తాతా" అని భుజం తట్టాడు. రెప్పలు కదిలాయి. ఊపిరి ఆడుతోందని ఛాతీ చూసి ఫోన్లో చెప్పాడు. అవతలి మనిషి చెప్పినట్టు వెల్లకిలా పడుకోబెట్టి, నా బ్యాగు ఆయన కాళ్ళ కింద ఎత్తుగా పెట్టాం. సోడా తెచ్చినాయన అప్పటికే మూత కొట్టి నోట్లో పోయబోతుంటే పూలమ్మే ఆమే ఆపింది, "కొరబోతుందయ్యా, మనిషిని లేవనియ్" అని. తెలివి సరిగ్గా రాని మనిషి నోట్లో నీళ్ళు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయని ఆమెకి ఎవరూ చెప్పి ఉండరు. తాళాల దగ్గర పోగొట్టుకున్న పరువు అక్కడ తిరిగి సంపాదించుకుంది. ఎవరో తువ్వాలు తడిపి తెచ్చి మెడ చుట్టూ వేశారు.

ఒక నిమిషం, నిమిషంన్నర. కళ్ళు తెరిచి మా అందరి మొహాల మీదుగా చూపు తిప్పి, "నా క్యారియరేది?" అన్నాడు. పేరడిగితే చెప్పాడు, ఊరడిగితే చెప్పాడు. పొద్దున్నుంచి ఏమీ తినలేదట, పాస్‌బుక్కు పని మీద వచ్చి ఎండలో తిరిగాడట. 108 వాళ్ళు వచ్చి బీపీ చూసి, వేలు గుచ్చి షుగర్ చూస్తున్నారు. నేను బెంచీ కింద చెయ్యి పెట్టి క్యారియరు బయటికి లాగి ఇచ్చాను. మూత తీసి చూసుకున్నాడు. పెరుగన్నం ఒలకలేదు.

అప్పుడు గుర్తొచ్చి తలెత్తి చూస్తే కనిగిరి బస్సు లేదు. అది వచ్చిందీ తెలియదు, జనాన్ని ఎక్కించుకున్నదీ తెలియదు, హారన్ కొట్టుకుంటూ నా వెనక నుంచే వెళ్ళిందంట.